రెండో అంకంలో ఒక దగ్గు

తొమ్మిది రాత్రులు ఆడింది. అంతే.
పదో రాత్రికి డులూత్‌లో మంచు తుఫాను,
పదకొండో రోజుకి నిర్మాత అయిపు లేడు.
బొమ్మల ఆసుపత్రి, దాని పేరు.
కాలు విరిగినవీ, కన్ను రాలినవీ, పొట్టలోంచి రంపపుపొట్టు కారేవీ
బాగుచేయమని ఇచ్చి మళ్ళీ రాని పిల్లల కోసం
బల్ల మీద వరసగా కూర్చుని పాడే నాటకం.
పేపరువాడు నాలుగు వాక్యాలు రాశాడు,
అందులో రెండు కుర్చీల గురించి.

నలభై ఎనిమిదేళ్ళ తరవాత మేం ఆరుగురం,
లూథరన్ చర్చి నేలమాళిగలో, మంగళవారాలు.
కాఫీ పలచన. హీటరు మొండిది.
జమాఖర్చు నాది కనక ఆస్తి చెప్తాను:
రెండో క్లారినెట్ కాగితాలు,
ఒక పోస్టరు, వెనకవైపు ఎవరిదో కిరాణా లెక్క,
లెంపీ కోటులో దాచి రికార్డు చేసిన క్యాసెట్.

రెండో క్లారినెట్‌కి కథ తెలియదు.
ఇరవై మూడు గళ్ళు ఊరుకో,
ఆపైన ఒక్క స్వరం, పొడుగ్గా,
మళ్ళీ ఊరుకో.
ఆ ఊరుకోవడాలతోనే పాట పొడుగు కొలిచాడు ఆర్విడ్.
రేవులో ఓడలకి ఇనపరాయి ఎత్తించిన మనిషి,
లోపల ఏముందో చూడకుండా బరువు చెప్పగలడు.

క్యాసెట్‌లో నాటకం కంటే కోటు ఎక్కువ వినిపిస్తుంది.
ఉన్ని రాసుకోవడం, ఎవరో చాక్లెట్ కాగితం విప్పడం,
దాని వెనక, చాలా వెనక,
నీళ్ళ అడుగున దీపంలా మైనపు పిల్ల గొంతు:
"నన్నిచ్చి వెళ్ళిన చేతులకి ఇప్పుడు..."

అక్కడ దగ్గు.
పొడిదగ్గు. మగవాడిది. మైకు పక్కనే.
ఆ దగ్గు కింద ఒక మాట ఉంది.

ఆర్నెల్లు ఆ మాట కోసం కొట్టుకున్నాం.
తొడుగులు, అంటుంది సిగ్నె.
ముడతలు, అంటాను నేను.
ఉంగరాలు, అన్నాడు కెంగ్. ఇరవై రెండేళ్ళు, పెళ్ళి కుదిరింది,
వాడికి అన్నీ ఉంగరాలే.
వేగం తగ్గించి విన్నాం, తిరగేసి విన్నాం.
దగ్గు లావైంది తప్ప
పక్కకి జరగలేదు.
లెంపీ ఒక్కతే ఏమీ అనకుండా
గుడ్డ సైనికుడికి గుండీ కన్ను కుడుతూ కూర్చుంది.

మైనపు పిల్ల దొరికింది. వంతెన అవతల,
వృద్ధుల ఆశ్రమం, రెండో అంతస్తు.
ఓర్లా బెక్‌స్ట్రాండ్, ఎనభై ఒకటి.
పాట వినిపిస్తే, "ఎవరీ పిల్ల? శ్రుతి జారుతోంది" అంది.
కానీ దుప్పటి కింద పాదాలు!
కుడిది లోపలికి తిరిగి, మడమ మీద నిలిచి,
కీలు బిగుసుకున్న బొమ్మ మెట్టు దిగినట్టు
ఒకటి, రెండు, ఆగి, మూడు.
కెంగ్ నేల మీద కూర్చుని అడుగులు సుద్దతో గీసుకున్నాడు.
నర్సు కేకలేసింది.
మాట మాత్రం పాదాల్లో లేదు.

ఆట ముందు రాత్రి అడిగాను, ఏ మాట పెడదాం అని.
లెంపీ దారం పంటితో తెంచింది.
"అది మా టోయివో దగ్గు.
ఇంటికి పోదాం అనడానికి అలా దగ్గేవాడు.
నాటకాలంటే ఒళ్ళుమంట.
తొమ్మిది రాత్రులూ వచ్చాడు."
ఇంకేం చెప్పలేదు.
సూదిలో కొత్త దారం ఎక్కించడానికి
నా కళ్ళజోడు అడిగింది.

మార్చిలో ఆడాం.
"నన్నిచ్చి వెళ్ళిన చేతులకి ఇప్పుడు" దాకా పాడి
మైనపు పిల్ల నోరు తెరిచే ఉంచి ఆగిపోయింది.
అప్పుడు తెలిసింది మాకు,
ఇరవై మూడు గళ్ళు ఊరుకున్న ఆ క్లారినెట్
ఎక్కడ పలకడానికి ఊరుకుందో.
పొడుగ్గా, ఒక్క స్వరం.
హాల్లో ఎవరూ దగ్గలేదు.

అద్దె కుర్చీలు పొద్దున ఎనిమిదికల్లా తిరిగిచ్చేయాలి.
అందరూ మడతపెడుతుంటే నేను లెక్క చూశాను,
రెండుసార్లు చూశాను.
అమ్మిన టిక్కెట్లు అరవై నాలుగు,
వచ్చినవాళ్ళు అరవై మూడు.
మూడో వరసలో, లెంపీ పక్కన,
ఉన్నికోటు ఒకటి
కుర్చీ నిండా.