కుచ్చిళ్లలో వచ్చిన గింజ

మాఘం వెళ్లీ వెళ్లకముందే
యార్డుకి టిక్కీలు దిగడం మొదలవుద్ది.
మా వీధిలో తుమ్ములు కూడా అప్పుడే.
ఆ వారంలోనే నేను బెండగింజలు నానేస్తాను
తడిగుడ్డలో మూటగట్టి, బిందె పక్కన, రాత్రంతా.

సంగడిగుంటలో మా వాటా వెనక
గోడకీ మరుగుదొడ్డికీ మధ్య
ఆరడుగుల పొడుగు, మూడడుగుల వెడల్పు.
ఇంటాయన అద్దెలో కలపని జాగా అదొక్కటే.
రేగడి నేల. తడిస్తే చెప్పు ఊడబెరుకుద్ది,
ఎండితే రూపాయి బిళ్ల మింగేంత బీట.
ఎదురు మేడ కట్టినోళ్లు వదిలేసిన ఇసక నాలుగు గమేళాలు,
లాజరు గేదెల పాకలోంచి మాగిన పేడ రెండు తట్టలు
కలిపి, కలిపి,
దాన్ని మాట వినేలా చేశాను.

గోడవార ఆనప. దాని కాళ్ల దగ్గర దోస.
రంగుల బకెట్లలో వంగనారు, తోటకూర.
వేలి కణుపు లోతు, జానెడు ఎడం,
గింజకో మాట చెప్పి పూడుస్తాను.
ఏం మాటని అడక్కండి.
ఒక్కోసారి అది బాకీల లెక్క.

మిరప మాత్రం వెయ్యను.
పదిహేడేళ్లుగా తొడాలు తీస్తున్నా,
మంచికాయ ఒక కుప్ప, తాలు ఒక కుప్ప.
సాయంత్రానికి నా వేళ్లు
పొయ్యిలో మరిచిపోయిన పుల్లలు.
కొబ్బరినూనె రాసి, పుల్లమజ్జిగతో కడిగి,
సబ్బుతో తోమి, ఆరబెట్టి,
అప్పుడే మొక్కల్ని ముట్టుకుంటాను.
పిల్ల కళ్లు తుడవాలన్నా ఇదే తంతు.
నారుకి నీడగా కట్టిన గోనెపట్టాని
ఏడుసార్లు ఉతికాను.
ఏడోసారీ నీళ్లు ఎర్రగానే ఉన్నాయి.

శివరాత్రి వెళ్లాక ఆనపతీగకి పేనుబంక పట్టింది.
“తాలుకాయలూ వెల్లుల్లీ నూరి
మరగబెట్టి చల్లవే, ఒక్కటుంటే ఒట్టు”
అంది హుస్సేన్‌బీ, చేతిలో కాయ విరుస్తూనే.
ఇంటికి తేనన్నాను.
బూడిద చల్లాను. వేపగింజల కషాయం చల్లాను.
మిగిలినవాటిని ఆకు ఆకూ తిప్పి
గోటితో నలిపాను, తలలో పేలు చూసినట్టు.

ఆనపకి పువ్వు సందేళ విచ్చుకుంటది.
మా గోడల మధ్యకి ఏ పురుగు వచ్చిద్ది ఆ వేళప్పుడు?
మగపువ్వు తెంపి నేనే
ఆడపువ్వుకి ఆనించాను, సెల్లు వెలుగులో.
పెళ్లి పెద్దలా గొంతు సవరించుకున్నాను కూడా.
నాకే నవ్వొచ్చింది.

ఆ వెలుగులోనే కనబడింది,
బియ్యం కడుగు పారబోసే మూల,
ఎవరూ వెయ్యని మొక్క.
కోసు ఆకు, మోకాలికి సగం ఎత్తు.
నా కుచ్చిళ్లలో దాక్కుని వచ్చుంటది,
చీర జాడించినప్పుడు రాలి ఉంటది.
పీకేద్దామని వంగాను.
మొదలు పట్టుకున్నాను కూడా.

కొమ్మ చీలిక దగ్గర పువ్వు.
తెల్లగా.
ముక్కుపుడకంత.
తల నేలకేసి దించుకుని.
భయంభయంగా వాసన చూశాను.
ఘాటు లేదు. తుమ్ము రాలేదు.

పదిహేడేళ్లు
లెక్కలేనన్ని కాయల మెడలు విరిచాను.
ఇది పూసిద్దని ఎవరూ చెప్పలేదు,
నేనూ అడగలేదు.
ఎండి, ఎర్రబడి, గోతంలో కూరితే వచ్చినాకే
మా ఇద్దరికీ పరిచయం.

మర్నాడు కుప్ప దగ్గర కూర్చుని చెప్పాను.
“పువ్వు లేకుండా కాయ ఎక్కడిదే పిచ్చిదానా”
అని నవ్వింది హుస్సేన్‌బీ.
తాలు ఏరుకుంది కాసేపు.
కొంగుతో మూతి గట్టిగా కట్టుకుంది.
కాటా మీద రెండు బస్తాలు ఎక్కి దిగాక
నా వైపు చూడకుండా అడిగింది,
“ఏం రంగు?”

ఇప్పుడు బెండకి రెండు చెంబులు, ఆనపకి మూడు,
వంగకి మధ్యాహ్నం వాడిపోతే ఇంకొకటి,
అన్నీ చేతులు కడుక్కున్నాకే.
ఆ మూల దానికి మాత్రం
యార్డు నుంచి రాగానే,
చెప్పులు విడవకముందే,
ఈ మండే చేత్తోనే.