మూడు గింజలు తక్కువ

ఇక్కడ నీళ్లు తొందరపడి మరుగుతాయి.
మరుగుతాయి గానీ దేన్నీ ఉడకనివ్వవు.
రెండు వేల ఆరొందల మీటర్ల ఎత్తు, గాలి పలచన,
తొంభై ఒకటో డిగ్రీకే తెర్లిపోతాయి.
కుండలో హడావుడి ఎక్కువ, వేడి తక్కువ.
చిక్కుడు గింజల్ని రెండు రాత్రులు నానబోసి
కుక్కర్ మూత బిగించి
పొయ్యి ముందు కాపలా కూర్చుంటాను.

అటకామా ఎడారి, కొండ నెత్తి,
దుర్భిణుల కింద వంటిల్లు.
కిటికీలకి నల్లటి మందపు తెరలు.
ఒక్క గీత వెలుతురు బయటికి పొక్కినా
పైనుంచి ఫోను.
పగలు ఎండని తిట్టుకుంటూ
రాత్రి దీపాన్ని దాచుకుంటూ
పదకొండేళ్లు.

ఒంటిగంటకి మారికా వచ్చింది.
ఎస్టోనియా పిల్ల. చలికోటు విప్పకుండానే
"నికాసియా, దొరికింది" అంది.
ఏం పారేసుకున్నావని అడగబోయాను.

ఒక గ్రహమట.
ఉత్త గాలిబుడగ కాదు, రాయి.
కడుపులో ఇనుము, మన భూమికి ఉన్నట్టే.
చూశావా అంటే, చూడలేదంది.
దాని సూర్యుడు చిన్నవాడు, ఎర్రనివాడు,
నివురు గప్పిన కుంపటి లాంటివాడు.
పంతొమ్మిది రోజులకోసారి
ఆ కుంపటి వెలుగు ఒక పిసరు తగ్గుతుందట.
ఎంత పిసరు?
వెయ్యి గింజల్లో మూడు తీసేసినంత.

మా సరుకుల కొట్టు ఎలెయుతేరియో
బస్తాకి అంతకన్నా ఎక్కువే తీస్తాడు.
ఎవరూ దాన్ని కనిపెట్టామని ఎగరలేదు.

మారికా నవ్వింది, రొట్టె తుంచింది.
మనకన్నా వెడల్పు ఐదో వంతు ఎక్కువ,
బరువు దాదాపు రెండింతలు.
"ఇక్కడ అరవై కిలోలు తూగితే
అక్కడ ఎనభై తూగుతావు."
నా ఎడమ మోకాలు అప్పుడే వద్దంది.

అక్కడ రొట్టెపిండి పొంగుతుందా?
ఆమె నమలడం ఆపింది.
ఇంతవరకూ ఈ మాట ఎవరూ అడగలేదంది.
పొంగుతుంది, కాస్త కుదిమట్టంగా.
గాలంటూ ఉండి, అది చిక్కగా ఉంటే
నీళ్లు నిదానంగా మరుగుతాయి,
నీ గింజలు గంటలో వెన్నవుతాయి.

అప్పుడు మనసు పడింది నాకు ఆ రాయి మీద.

గాలి ఉందా మరి?
తెలీదు.
నీళ్లు?
తెలీదు.
తెలీదని ఇంత సంతోషంగా చెప్పేవాళ్లని
ఈ కొండ మీదే చూశాను.

కాగితం రుమాలు మీద సున్నా చుట్టింది.
చెంచా కాడని కూరలో ముంచి సగం పులిమింది.
ఒక చెంప ఎప్పుడూ సూర్యుడికేసే.
అక్కడ మిట్టమధ్యాహ్నం కదలదు.
రెండో చెంపకి తెల్లవారదు.
రెంటి నడుమ, చుట్టూతా,
గాజులా సన్నగా ఒక మునిమాపు.
బతికేవాళ్లెవరైనా ఉంటే అక్కడ ఉంటారట,
ఆ గాజు మీద.

సొకైరేలో మా పెద్దమ్మ ఫెర్మీనా
లామాల్ని మళ్లించే వేళ అది.
గడియారం లేదు ఆమెకి.
కొండనీడ వచ్చి ఉప్పురాయిని తాకితే
లేచి, కొంగు దులుపుకుని, ఈల వేసేది.
నీడ కదలని చోట
మందని ఇంటికి తోలేది ఎప్పుడు?
మారికా రుమాలు వంక చూస్తూ కూర్చుంది.
తర్వాత రెండో పళ్లెం పెట్టించుకుంది.
కోటు గుండీలు పెట్టుకుంటూ
"మాకు చలికాలంలో మూడింటికే పొద్దు గూకుతుంది,
మా అమ్మ అప్పుడే కోళ్లని మూసేది" అంది.
అడిగిన దానికి జవాబు కాదది.
కానీ జవాబు లాగే విన్నాను.

ఆమె వెళ్లాక గిన్నెలు కడిగాను.
గింజల బస్తా మూతి విప్పి
మూడు తీసి గట్టు మీద పెట్టాను.
బస్తా వంక చూశాను.
దగ్గరికెళ్లి చూశాను. దూరంగా జరిగి చూశాను.
ఏమీ తగ్గినట్టు లేదు.

అంతలో ఫోను మోగింది.
మారికాయే.
"నికాసియా, నీ తెర వేలెడు జరిగింది.
కనిపిస్తున్నావు."