మూడో పేజీలో తప్పు

కథ రాసి కొండపి తీసుకెళ్లాను.
ఫిబ్రవరి నెల. బ్యారన్ పొయ్యిలో తుమ్మమొద్దులు.
పొగాకు వాసన చొక్కాలోకి దూరి
నాలుగు ఉతుకులకీ బయటికి రాని కాలం.
మా చిన్నాన్న కొడుకు మాల్యాద్రి
గోనెపట్టా మీద కూచుని చదివాడు,
ఒక చేతిలో కాగితాలు, ఒక చేతిలో టార్చి.
వాడి ముఖం చూడలేక
నేను పొయ్యిలోకి చూస్తూ కూచున్నాను.

నా కథలో ఒకడున్నాడు.
పేరు పెట్టలేదు, పిచ్చివాడని ఊరుకున్నాను.
ఒక్క రాత్రిలో వాడికి మతి చెడుతుంది.
వానలో చొక్కా చించుకుంటాడు,
చుక్కలతో మాట్లాడతాడు,
ఊరెవరికీ తెలియని నిజం ఒకటి చెబుతాడు.
ఆఖరి పేజీలో సింగరాయకొండ దాటాక
పట్టాల మీదికి నడిచిపోతాడు.
ఆ వాక్యం నాకు బాగా కుదిరింది.

"మూడో పేజీలో తప్పుండాది" అన్నాడు.
అచ్చుతప్పనుకుని పెన్ను తీశాను.

"ఒక్క రాత్రిలో ఎక్కదన్నా అది.
ఆకు లోపలికెక్కించిన మొదటిరోజు
తలుపు తీసి చూసినా ఏం కనపడదు.
రంగు తిరగడానికే రెండ్రోజులు.
తర్వాత ఆకు ఆరిద్ది. ఆ తర్వాతే ఈనె.
నాకూ అంతే. ముందు నిద్ర తగ్గిద్ది.
మూడు గంటలు చాలనిపిచ్చిద్ది. బాగుంటది కూడా.
పనోడంటే వీడేరా అంటారు జనం.
మా నాయన రెండో బ్యారన్ నాకప్పజెప్పింది అప్పుడే.
ఆ వారమే కందుకూరు పోయి
మూడు మోటారుసైకిళ్లకి అడ్వాన్సు కట్టా.
ఎవరికని అడగబాక, నాకూ తెలవదు.
రసీదులు రాయలేదే నువ్వు?"

నేను చుక్కలు రాశాను.
వాడు రసీదులు అడుగుతున్నాడు.

"దిగినాక ఏడ్చాడని రాశావు.
ఏడుపొస్తే మేలే, రాదు.
సబ్బు ఎక్కడుందో తెలుసు, బొక్కెన ఎక్కడుందో తెలుసు,
పదకొండు రోజులు ఆడదాకా పోలేకపోయా.
కోటిరత్నం తడిగుడ్డతో మెడ తుడిచేది,
తుడస్తా తుడస్తా తిట్టేది.
ఆ తిట్లు కూడా రాయి. ఆమెని దేవతని చెయ్యబాక."

టీ తెచ్చింది కోటిరత్నం. నాకు నిండుగా,
వాడికి సగం గ్లాసు.
ఎందుకో అడగలేదు. వాడి చెయ్యి చూశాను.
గ్లాసులో టీ సన్నగా వణుకుతోంది,
దూరంగా లారీ పోతున్నప్పుడు బావిలో నీళ్లలాగా.

"మాత్రల గురించి ఒక్క మాటా లేదు," అన్నాడు.
"నోరెండిపోద్ది. ఒళ్లొచ్చిద్ది.
నెలన్నరకోసారి పొద్దున్నే మాత్రాపి
ఒంగోలు పోయి రక్తమిచ్చొస్తా.
బస్సులో పక్కనోళ్లు షుగరా అంటే
అవునంటా."

మరి ఆ నిజం? అన్నాను. నా కథలో వాడికి తెలిసిన నిజం?
నవ్వాడు.
"నాకు రేపటి పొగాకు రేటే తెలవదన్నా."

ఆఖరి పేజీ దగ్గర నవ్వు లేదు.
చదివాడు. మళ్లీ చదివాడు.
కాగితం తిప్పి, అక్షరాలు నేలవైపుకి పెట్టి,
పైన చెప్పు పెట్టాడు, గాలికి పోకుండా.
"మా పెద్దది ఏడో తరగతి," అన్నాడు,
"నువ్వు రాసినయ్యన్నీ చదివిద్ది."

పది అయింది. లేచాడు.
నిద్ర చెడగొట్టుకోకూడదు, డాక్టరు మాట.
రాత్రిపూట పొయ్యి కోటిరత్నం చూస్తుంది,
ఈ పూటకి నేను చూస్తానన్నాను.
"నూట నలభై దాటితే మొద్దు వెనక్కి లాగు.
నన్ను లేపబాక, ఆమెని లేపు."
టార్చి నా చేతికిచ్చాడు.

గోడకంటిన అద్దంలోంచి పాదరసం.
ప్రతి పావుగంటకీ చూశాను, ఏమీ కదల్లేదు,
చూడనప్పుడు కదిలింది.
వాడికి పేరు పెట్టాలి ముందు.
మాల్యాద్రి అని కాదు, అది వీడిది.
రెండైనా ఏ పేరూ రాలేదు.
నూట నలభై రెండు.
మొద్దు వెనక్కి లాగాను.