గొర్రె వీపు మీది రంగు

మక్తల్ బస్టాండు ఎనక
నా జిరాక్సు షాపుల ఒకటే కంప్యూటరు.
ఊరందరి ఏళ్లూ అదే కీబోర్డు మీద.

పొద్దుగాల ఆశప్ప వచ్చిండు.
తలుపు దిక్కు సూసుకుంట, మెల్లగ:
"నలభై గొర్రెలు ఒక్కపాలే అమ్మితే
ఎంతొస్తదో జర సూడు."
సూసిన. చీటి మీద రాసిచ్చిన.
పది రూపాయలిచ్చి పోయిండు.

మాపటికి ఫైనాన్స్ విశ్వనాథ్ సేటు,
కరెంటు బిల్లు కట్టనీకి.
బిల్లు పక్కన తెర మీద
గొర్రెలు. అన్నీ గొర్రెలే.
"మీ మందకు నేడే మంచి ధర!"
"ఎవరివిరా ఇవి?" అని నవ్విండు.
నేనేం చెప్పలే.
చెప్పే పని పడలే.
ఎవరికి ఎన్ని గొర్రెలో, ఎంత బాకీనో
ఆయన బుక్కుల ఉన్నదే.

తెల్లారేసరికి ఆశప్ప దొడ్డి ఖాళీ.

ఆ రాత్రి షట్టర్ సగం దించి
సెట్టింగులల్లకు దిగిన.
కుకీ అంటే బిస్కెట్ అనుకుంటి ఇన్నేండ్లు.
కాదు.
సంతల కొన్నోడు గొర్రె వీపున కొట్టే రంగు.
గొర్రెకు తన వీపు కనబడదు.

కోపంల అన్నిటికీ వద్దని కొట్టిన.
పొద్దున స్కాలర్‌షిప్పు సైటు నన్నే గుర్తుపట్టలే.
లాగినైన. మళ్ల లాగిన్ అన్నది.
మళ్లయిన. మళ్ల అన్నది.
పదకొండు మంది పోరగాండ్లు లైన్ల నిలబడి
నా ముఖమే సూస్తున్నరు.

అప్పుడు సమజైంది:
గిర్నికాడి చీటి వేరు,
పిండి పట్టేదాక నీది, పట్టినంక చింపేస్తరు.
దాన్ని రానియ్యాలె.
మనం ఒక అంగట్ల బేరమాడుతుంటే
పక్కంగడోడు ఎనకనుంచొచ్చి అద్దే రంగున్నదే,
దాన్ని గడప తొక్కనియ్యొద్దు.

నాలుగు రాత్రులు కూసోని చిన్న ప్రోగ్రాము రాసిన.
ఏ సైటుది ఉంచాలె, ఏది తోసెయ్యాలె,
పేరుపేరున.
మనిషి కుర్చీల నుంచి లేవంగనే
ఉంచినవి గూడ తుడిచిపెట్టాలె.

మొన్న ఆశప్ప మళ్లొచ్చిండు,
పూనా బండి ఎన్నిటికని.
చెప్పిన. ఆయన లేసిండు, తెర సాఫైంది.
"ఇప్పుడు ఎవరికీ తెల్వదు కాక," అన్న.
ఆశప్ప పోతపోత ఆగిండు.
"ఆ దినం సేటుకు ఎవరు చెప్పిండ్రు?"
"మిషినే," అన్న.
మిషిన్ దిక్కు సూసిండు.
నా దిక్కు సూసిండు.
"మిషిన్‌కు?"

బల్ల మీద పది రూపాయల నోటు,
ఫ్యాన్ గాలికి
అంచు లేస్తున్నది, పడుతున్నది.