ఆరు గంటల సెలవు

ఓడ బయట లంగరేసి ఉంది.
వంట ఏప్రాన్ విప్పేసి
లాంచీలో వచ్చి విశాఖలో దిగాను, టూరిస్టులా.

బ్యాంకాక్‌లో, పుసాన్‌లో, కొలంబోలో
నా బేరమెప్పుడూ మూగదే.
కాలిక్యులేటర్ మీద వాళ్లో అంకె నొక్కితే
నేనో అంకె నొక్కేవాణ్ణి.
అలా కొన్న గొడుగులూ గడియారాలూ
ఎవరికిచ్చానో గుర్తులేదు.

బీచ్ దగ్గర, గట్టెక్కిన జలాంతర్గామిలో
జనం ఎగబడి ఫోటోలు దిగుతున్నారు,
నేను రోజూ పడుకునేలాంటి
ఇరుకు బల్ల పక్కన.
టికెట్ కొని నేనూ చూశాను.

పూర్ణా మార్కెట్లో
ఏటికొప్పాక బొంగరం, పసుపూ ఎరుపూ.
అలవాటుగా కాలిక్యులేటర్ తీశాను.
బొమ్మలమ్మే అసిరమ్మ కళ్లు చికిలించి
"ఏటి బాబూ, నోరు నేదా నీకు?" అంది.

ఉంది. తుప్పు పట్టింది, అంతే.
బేరం మధ్యలో
వాళ్ల చిన్నోడి జ్వరం దూరింది,
మా అంబాజీపేట కొబ్బరి రేటు దూరింది.
లాంచీ టైమయ్యేసరికి
అడిగినదానికి పది రూపాయలు ఎక్కువే ఇచ్చి
పరిగెత్తాను.

రాత్రి డెక్ మీద బొంగరం తిప్పాను.
ఓడ ఊగింది, అది నిలవలేదు.
యారాడ కొండ మీద
లైట్‌హౌస్ మాత్రం
ఎవరో తాడు లాగి వదిలినట్టు
తిరుగుతూనే ఉంది.