కిలో నూట ముప్పై

పాలమూరు న్యూటౌన్ల గౌస్ పాషా దుకాణం.
"కంపెనీ మాల్ మేడమ్, పెద్దాఫీసులోల్లు వాడి ఇడిసింది."
మూత మీద స్టిక్కర్ గీకిన జాడ,
బంక ఇంకా వేలికి అంటుతనే ఉన్నది.
బరువెంతంటే "బిల్కుల్ హల్కా" అన్నడు.
హల్కా అనేది తూకం కాదు గద పాషా భాయ్.
పక్కన పల్లికాయల కొట్టుకు పట్కపోయి జోకిచ్చిన.
కిలో నూట ఎనభై.
బుచ్చిలింగం అలవాటు కొద్ది
కాంట అంచుకు చెయ్యి ఆనిచ్చి నిలబడ్డడు.
చెయ్యి తియ్యమన్న.
కిలో నూట ముప్పై.

సగం పైసలిచ్చి తెచ్చుకున్న.
నచ్చకుంటే శనివారం దాక వాపస్.

కోయిలకొండ బస్సుల నిలబడే జాగనే దొరికింది.
మస్టర్ల కట్టకూ సద్ది డబ్బాకూ నడుమ
ఇది సప్పుడు లేకుండ జొరబడ్డది.
దిగినంక యాదికొచ్చి సంచి తడిమి చూస్కున్న,
ఉన్నదా అని.
పాత డబ్బా ఎన్నడూ గట్ల మరిచిపోనియ్యలే,
ఎడమ భుజం రాత్రంత చెప్తుండేది.

గుట్ట మీద కందకాల కొలతలు.
పదకొండు గంటల ఎండకు తెరల లెక్కలు పోయి
నా మొఖమే కనబడ్డది, చెమటతోని.
కొంగు కప్పుకొని లోపల తల పెట్టిన,
నల్లగుడ్డ కింద దూరి ఫొటోలు దింపిన
పాతకాలపు మనిషి లెక్క.
కూలోళ్ళు నవ్విండ్రు.
"మేడమ్, ఎవలన్న కనబడుతున్నరా అండ్ల?"

బ్యాటరీ, పాషా నోట్ల ఏడు గంటలు.
నా చేతుల నాలుగు గంటల ఇరవై నిమిషాలు.
అంటే రెండూర్లు.
మూడో ఊరు పెన్నుతోనే రాసిన.

మీటలు మెత్తగున్నయ్. ఇంగ్లీషు అక్షరాలు కొన్ని అరిగినయ్,
నాకు వాటితోని పనిలేదు, తెలుగు వేళ్ళకే తెలుసు.
అన్నిటికన్న నున్నగ మెరిసేది తుడిపే మీట.
యే అద్దాల బంగ్లల కూసున్నదో ఆమె, లేకుంటే ఆయన,
దినమంత ఏం రాసి ఏం తుడిపిండ్రో.
ఒకపారి రాత్రిపూట ఆ మీట మీద వేలు ఆగింది నాది.
నొక్కలే.

మూత నూట ఎనభై డిగ్రీలు వెనకకు వంగుతదని
పాషా మస్తు చెప్పిండు.
దేనికి, రొట్టెలు చేస్కోనీకా అనుకున్న.

గురువారం గ్రామసభ. పంచాయతి ముందట బండ.
కుర్వ మొగులమ్మ కర్ర పొడుసుకుంట వచ్చింది.
"నా పేరు అండ్ల ఉన్నదా బిడ్డా?"
ఉన్నది. ముప్పై ఒక్క దినాలు.
"పన్నెండే పోయిన నేను. తర్వాత కాలు ఇరిగె."

తెర నా దిక్కుంటే నా మాట అయితది.
మూత వెనకకు వంచి, బండ మీద
చాపలెక్క పరిచి పెట్టిన.
చుట్టూ పది తలకాయలు వంగినయ్.
ఫీల్డ్ అసిస్టెంట్ తల వంగలే.
"సర్వర్ తప్పు మేడమ్" అన్నడు చెట్ల దిక్కు చూస్కుంట.

మొగులమ్మ శానసేపు ఆ అంకెను చూసింది.
అంకెలు రావు ఆమెకు, ఐనా చూసింది.
"మిగిలిన పంతొమ్మిది దినాలు గూడ నేనే తవ్వితినంటవు.
గంత మట్టి యాడ పోసిన్నట?"

నవ్వు లేచింది. తర్వాత ఆగింది.
నేను రాస్తున్న. మీటల సప్పుడు అందరికీ వినబడుతున్నది.
బ్యాటరీ పదకొండు శాతం.

శనివారం మళ్ళ దుకాణం.
"వాపసా మేడమ్?"
వాపస్ కాదు, బాకీ సగం తెచ్చిన.
కని పాషా భాయ్, ఇంత హల్కా అంటివి గద,
చార్జర్ సంగతి చెప్పకపోతివి.
దినాం మోసేది రెండింటినీ.
ఇటుకపెల్ల లెక్కున్నది, జోకుదాం పా,
దాని బరువంత ధర తగ్గియ్యి.

పల్లికాయల కొట్ల చార్జర్ కాంట మీద పెట్టిన.
నేను అనకముందే
బుచ్చిలింగం చెయ్యి తీసిండు.