ఐదు నెలల పదకొండు రోజులు

ఓదెలు పాస్‌పోర్టుకి ఇంకా
ఐదు నెలల పదకొండు రోజులు ప్రాణముంది.
ఆరు నెలలుండాలంది శంషాబాద్ కౌంటర్లో పిల్ల,
అచ్చం రిపోర్టు చూసిన డాక్టరమ్మ గొంతుతో.

మూడు రోజుల సెలవు. ఇద్దరి బట్టలూ ఒకే పెట్టెలో.
కరివేపాకు కుండీకి నీళ్లు పొయ్యమని
తాళంచెవి ప్రమీలమ్మకిచ్చి
వాడకట్టంతా టాటా చెప్పించుకుని వచ్చాం.
ఏ మొహం పెట్టుకుని ఈసీఐఎల్ పోతాం?

హుయే అనే ఊరు. వెనకటి రాజుల కోట,
పక్కనే నది, దాని పేరే సుగంధం.
కాలిన మోటార్లకు రాగితీగ చుడుతూ
ఆర్నెల్లు ఆ వీడియోలే చూశాడీయన.

"ఎక్కడికి సార్?" ట్యాక్సీ పిల్లాడు రెండోసారి అడిగాడు.
నేనే చెప్పాను:
చార్మినార్ పోనీ నాయనా, అదీ పాత ఊరే.

పత్తర్‌గట్టీలో లాడ్జి. మూడో అంతస్తు.
'వచ్చింది ఎక్కడినుంచి' గడిలో
ఈసీఐఎల్ అని గుండ్రంగా రాశాడు.
'పోయేది ఎక్కడికి' దగ్గర పెన్ను చాలాసేపు నిలబడి
ఒక చుక్క పెట్టి ఊరుకుంది.

పందొమ్మిదేళ్లు ఈ ఊళ్లో.
దాని చుట్టూ తిరగడమే, పైకెక్కింది లేదు.
టికెట్ల కిటికీ మీద విదేశీయుల ధర చదివి
"మనం ఆ లైన్ల నిలబడాల్సినోళ్లం" అన్నాడు.
నవ్వుతాడేమోనని చూశాను.
ఇరుకు మెట్లు, తిరిగి తిరిగి,
నా కళ్లముందు ఆయన మడమలు.
పగిలాయి. ఎప్పట్నించో.

సాయంత్రం ప్రమీలమ్మ ఫోను:
"అక్కడ మోటారుసైకిళ్లు మస్తుంటయంటగా?"
ఓదెలు ఫోన్ని కిటికీ బయటికి చాపాడు.
మదీనా చౌరస్తా హారన్లన్నీ
మా తరఫున సాక్ష్యం చెప్పాయి.
"మరి నది?"
"దాని వాసన చాలా దూరం వస్తుందమ్మా" అన్నాను.
నయాపూల్ మీద ముక్కు మూసుకుని
అప్పుడే దాటొచ్చాం. అబద్ధమేం కాదు.

చాయ్ తెచ్చిన కుర్రాడికి ఓదెలు
తను నేర్చుకున్న ఒకే ఒక్క మాట ఖర్చుపెట్టాడు:
"కామ్ అన్."
థాంక్స్ అని అర్థమట ఆ దేశంలో.
వాడు వెనక్కొచ్చి, "క్యా సాబ్, బులాయే?"
అప్పుడు నవ్వాం. కప్పు ఒలికేదాకా.

లాడ్‌బజార్‌లో గాజుల ముసలాయన
నా చెయ్యి నొక్కి చూసి, "రెండు ఆరు" అన్నాడు.
పెళ్లికి రెండు నాలుగు.
ఈ లెక్క ఓదెలుకి తెలీదు.
లక్క ఇంకా వెచ్చగా ఉంది, ఎక్కించుకున్నాను.

మర్నాడు పైగా సమాధులు. మిట్టమధ్యాహ్నం.
కావలాయన, ఒక పిల్లి, మేము.
గచ్చులో చెక్కిన జాలీల్లోంచి
ఎండ ముక్కలై ఆయన చొక్కా మీద పడింది.
ఆ అల్లికని వేలితో గాల్లో చుట్టి చూసి
"ఇది చేసినోడు తొందరపడలే" అన్నాడు.
కాసేపాగి, అటే చూస్తూ,
"ఆ తేదీ నేను చూస్కోవాల్సింది, రమణా."
"పెట్టెలో పెట్టింది నేనే కదా. నేనూ చూళ్లేదు."
పిల్లి మా ఇద్దరి మధ్యనుంచి నడిచిపోయింది.

ఆ రాత్రి షట్టర్లు ఒక్కోటీ దిగే చప్పుడు
ఇద్దరం మేలుకుని లెక్కపెట్టాం.
పదిహేడు దగ్గర ఆయన తప్పిపోయాడు.
నేను ఇంకొన్ని విన్నాను.

ఇంటికొచ్చాక చొక్కా ఉతికితే
జేబులోంచి వాళ్ల నోటొకటి బయటపడింది,
అబిడ్స్‌లో మార్పించింది.
ప్లాస్టిక్ నోటు. తడిసింది కానీ నలగలేదు.
బనీను పక్కన క్లిప్పు పెట్టి ఆరేశాను.
కుండీ తిరిగిచ్చేందుకొచ్చిన ప్రమీలమ్మ
దండెం దగ్గర ఆగి, సున్నాలు లెక్కబెట్టి,
"ఐదు లక్షలే!" అని నోరు తెరిచింది.
తర్వాత నా చేతులు చూసి,
"గాజులు గూడ అక్కడివేనా?"

"ఆఁ," అన్నాను, "అక్కడివే."